ఇంట్లో వాడకం తగ్గిస్తే ఊరి కాలుష్యం నిజంగా తగ్గుతుందా? ఏది తగ్గించడం ముఖ్యం?

ప్రశ్న: విశాఖ గృహిణి

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నంలో ఓడరేవుకు దగ్గరగా ఉన్న ఒక కాలనీలో ఉంటున్నాం. పొద్దున్న తుడిచిన డాబా మీద సాయంత్రానికి నల్లటి పొడి పేరుకుంటుంది. ఓడల నుంచి దిగే బొగ్గు, ఇతర ఖనిజాల ధూళి గాలితో పాటు ఇళ్ల మీదికి వస్తుంది. ఒకవైపు యారాడ కొండ, మరోవైపు కైలాసగిరి వరుస ఉండడంతో చలికాలంలో ఆ గాలి తొందరగా చెదరదని ఇక్కడివారందరికీ అనుభవమే. 2020 మే 7న ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై పన్నెండు మంది చనిపోయినప్పుడు, ఆ రసాయనంతో ఏం తయారవుతుందో మొదటిసారి చదివి తెలుసుకున్నాను. విందుల్లో వాడి పారేసే తెల్లటి పళ్లేల నుంచి ఫ్రిజ్ లోపలి గోడల దాకా మన ఇళ్లలో కనిపించే ఎన్నో వస్తువులకు అదే మూలపదార్థమని తెలిసిన తరువాత, మనం కొనే వస్తువుకూ పక్క ఊరివాళ్లు పీల్చే గాలికీ మధ్య దూరం చాలా తక్కువని అర్థమైంది.

అప్పటి నుంచి మా ఇంట్లో వాడకం తగ్గించుకోవాలని ప్రయత్నిస్తున్నాం. గుడ్డసంచులు, మట్టి వినాయకుడు, స్టీలు డబ్బాలు అన్నీ అలవాటయ్యాయి. అయితే కాలేజీలో చదువుతున్న మా అబ్బాయి ఒక మాట అడిగాడు. "ఇన్ని కర్మాగారాలున్న ఊళ్లో మనం ఒక సంచి మానేస్తే ఏం తగ్గుతుందమ్మా?" అన్నాడు. వాడు వెటకారంగా అనలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. మా అత్తగారికి మరో బాధ ఉంది. మనుమరాలి పెళ్లి దగ్గర పడుతోంది, ఏది తగ్గించినా బంధువులు పిసినారితనం అనుకుంటారని ఆవిడ భయం.

అందుకే పెద్దలను అడుగుతున్నాను. ఒక మధ్యతరగతి ఇంట్లో ఏ వాడకం తగ్గిస్తే కాలుష్యం లెక్కించదగినంతగా తగ్గుతుంది? ఏది మనసుకు తృప్తినివ్వడం వరకే పనికివస్తుంది? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: పాల్వంచ విశ్రాంత ఇంజనీరు

అమ్మా, మీ అబ్బాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. దానికి అంకెలతోనే జవాబు చెప్పాలి. నేను ఉద్యోగ జీవితమంతా బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాల్లో గడిపాను కనుక నాకు తెలిసిన వైపు నుంచి చెబుతాను.

మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాల్చాలి. మన బొగ్గులో బూడిద శాతం ఎక్కువ, మామూలుగా 30 నుంచి 40 వరకు ఉంటుంది. అంటే యూనిట్‌కు 200 గ్రాములకు పైగా బూడిద మిగులుతుంది. అందులో చాలావరకు సిమెంటు, ఇటుకలు, రోడ్ల వంటి పనులకు పోతుంది, మిగిలినదాన్ని నీళ్లతో కలిపి చెరువుల్లాంటి గుంటల్లోకి పంపుతారు. ఎండాకాలంలో ఆ బూడిద చెరువులు ఎండి గాలి లేచినప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో అన్నం మీద మూత తీయలేరు. రామగుండంలోనైనా, పాల్వంచలోనైనా, మీకు దగ్గరలోని పరవాడ సింహాద్రి కేంద్రం పరిసరాల్లోనైనా ఈ మాట మీరు వినవచ్చు.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే, గది పరిస్థితిని బట్టి, దాదాపు 8 యూనిట్లు ఖర్చవుతుంది. వేసవిలో వంద రాత్రులు అలా నడిచిందనుకుంటే 800 యూనిట్లు. ఆ కరెంటంతా బొగ్గు నుంచే వచ్చిందని లెక్కవేస్తే అర టన్ను బొగ్గు, 150 కిలోలకు మించిన బూడిద. రోజుకొక పలచని ప్లాస్టిక్ సంచి మానేస్తే ఏడాదికి తగ్గేది రెండు కిలోల లోపే. ఇలా చెప్పడం సంచిని తేలిక చేయడానికి కాదు. సంచి చేసే హాని దాని బరువులో లేదు. అది కాలువకు అడ్డుపడుతుంది, ఆవు కడుపులోకి పోతుంది, చెత్తకుప్పలో తగలబెట్టినప్పుడు విషపు పొగ అవుతుంది. కనుక సంచి మానడం సరైనదే. కానీ సంచి మానేసి, ఆ తృప్తితో ఏసీని 18 దగ్గర పెట్టుకుంటే మాత్రం లెక్క పూర్తిగా తలకిందులవుతుంది.

ఏసీ పూర్తిగా మానేయమని ఎవరినీ అడగను. మే నెలలో మన తీరప్రాంతపు ఉక్కపోతలో ముసలివారికీ పసిపిల్లలకూ అది ఆరోగ్య అవసరమే. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు తగ్గుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ చెబుతోంది. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన కూడా ఉంది. 26 దగ్గర పెట్టి, పైన ఫ్యాను తక్కువ వేగంతో తిప్పుకుంటే చాలామందికి చాలుతుంది. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. అయితే బాగా తిరుగుతున్న పాత ఫ్యాన్లన్నీ ఒకేసారి తీసిపారేయకండి. రోజంతా తిరిగే హాలు ఫ్యానును ముందు మార్చండి, ఎప్పుడో తిరిగే గదిలోది పాడయ్యేవరకు ఉండనివ్వండి.

పొదుపు పరికరం కొన్నంత మాత్రాన వాడకం తగ్గుతుందన్న నమ్మకం కూడా సరికాదు. 1865లోనే జెవన్స్ అనే ఆంగ్ల ఆర్థికవేత్త, ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో పనిచేయడం మొదలైన తరువాత ఇంగ్లండులో మొత్తం బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని గమనించాడు. ఐదు నక్షత్రాల ఏసీ కొన్న ఇంట్లో "బిల్లు తక్కువే కదా" అనుకుని రెండో గదిలో కూడా ఏసీ పెట్టించడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. అందుకని పరికరం మీద ఎన్ని నక్షత్రాలున్నాయన్నది పక్కనపెట్టి, నెలాఖరున మీటరు ఎన్ని యూనిట్లు చూపించిందన్నదే చూడండి. మీ అబ్బాయికి ఆ పని అప్పగించండి. గడిచిన ఏడాది బిల్లులు తీసి, ఏ నెలలో ఎన్ని యూనిట్లో రాసి, ఒక్కొక్క దానినీ బొగ్గులోకి మార్చి చూడమనండి. వాడి ప్రశ్నకు జవాబు వాడి చేతి లెక్కలోనే దొరుకుతుంది.

వాహనం గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక్క మనిషి కారులో వెళ్లినప్పుడు అయ్యే ఇంధనంలో, నిండుగా వెళ్లే ఆర్టీసీ బస్సులో ఆ మనిషి వాటా పదో వంతు కూడా ఉండదు. వారంలో కొన్ని ప్రయాణాలైనా బస్సుకు మార్చగలిగితే అది ఏసీ పొదుపుకు ఏమాత్రం తీసిపోదు.

సమాధానం: నక్కవాగు పక్క ఊరివాడు

ఇంజనీరు గారి లెక్కలు సరైనవే. అయినా ఈ చర్చలో ఒక వైపు మరుగున పడుతోందని నాకు అనిపిస్తోంది కనుక రాస్తున్నాను.

మాది పటాన్‌చెరు ప్రాంతం. బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కర్మాగారం 1960లలో వచ్చింది, అక్కడ పని నేర్చుకున్నవారు తరువాత సొంతంగా మందుల కర్మాగారాలు పెట్టారు. అలా మా చుట్టూ పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం పరిసరాల్లో మందులకు ముడిసరుకు తయారుచేసే పరిశ్రమలు వరుసగా వెలిశాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగులోకి, దాని నుంచి మంజీరలోకి పోయాయి. బావుల్లో నీళ్లు రంగు మారాయి, వాగు పక్క పొలాలు పాడయ్యాయి. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురించారు. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే కూడా ఇది ఎక్కువ. ఏ బాక్టీరియా అయినా అలాంటి నీళ్లలో బతకడం నేర్చుకుంటే రేపు మన జబ్బులకు ఆ మందు పనిచేయదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 43 ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా గుర్తించినప్పుడు ఆ జాబితాలో మా పటాన్‌చెరు-బొల్లారం ఉంది. అక్కా, మీ విశాఖపట్నం కూడా ఉంది.

ఇంతకీ నేను అడగదలచింది ఏమిటంటే, మా ఊరివాళ్లు ఏ వాడకం తగ్గించుకుంటే నక్కవాగు బాగుపడేది? ఇక్కడ తయారయ్యే మందుల్లో చాలా భాగం విదేశాలకు పోతుంది. మా పెద్దవాళ్లు ఏడాదికి రెండు జతల బట్టలతో, సైకిలు మీద, పండించుకున్న జొన్నలతో బతికినవారే. నిరాడంబరంగా బతకడంలో వాళ్లకు ఎవరూ నేర్పవలసింది లేదు. అలా బతికినవారి బావిలోకే విషం వచ్చింది. కాలుష్యాన్ని కేవలం వాడకందారుల బాధ్యతగా చూపిస్తే, వ్యర్థాన్ని శుద్ధి చేయకుండా రాత్రిపూట వాగులోకి వదిలినవారు హాయిగా తప్పించుకుంటారు. తరువాతి కాలంలో పైపులైను వేసి ఇక్కడి నీటిని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. మంజీరకు భారం తగ్గి ఉండవచ్చు, కానీ ఆ నీళ్లు చేరేది మూసీకే కదా. మూసీ నీటితో వరి పండించే నల్లగొండ రైతులు ఏ పాపం చేశారు?

ఇంత రాసినా, ఇంట్లో వాడకం తగ్గించడం వ్యర్థమని నేను అనను. అవసరం లేని యాంటీబయాటిక్‌ను మందుల దుకాణంలో అడిగి కొనుక్కుని, రెండు రోజులు మింగి, మిగిలినవి చెత్తలోనో సింకులోనో పడేసే అలవాటు మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఇంట్లో ఉంది. అది మానడం కూడా వాడకం తగ్గించడమే, అందులో మనకు కలిగే నష్టమేమీ లేదు. అయితే తగ్గించుకున్నవారు అంతటితో ఆగిపోకూడదు. మీ కాలనీ సంఘం తరఫున కాలుష్య నియంత్రణ మండలికి ఓడరేవు ధూళి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కొత్త పరిశ్రమకో విస్తరణకో పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు వెళ్లి మాట్లాడండి. ఆ సభ గురించి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లో ఉంది. అలాంటి సభల్లో చదువుకున్న పట్టణవాసులు కనిపించరు. మాలాంటి ఊరివాళ్లం మాత్రమే అరుస్తూ ఉంటాం.

సమాధానం: పాల్వంచ విశ్రాంత ఇంజనీరు

బాబూ, మీ మాటతో నేను ఏకీభవిస్తున్నాను. నా రంగం నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. థర్మల్ కేంద్రాల పొగగొట్టాల నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌ను తగ్గించే పరికరాలు పెట్టాలని కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో ప్రమాణాలు ప్రకటించింది. వాటికి పెట్టిన గడువు రెండేళ్లు. ఆ గడువు ఎన్నిసార్లు పొడిగించారో పత్రికలు చదివేవారందరికీ తెలుసు, చివరికి 2025లో చాలా కేంద్రాలకు ఆ నిబంధన నుంచే మినహాయింపు ఇచ్చారు. ఇంట్లో లైటు ఆర్పడం వల్ల గొట్టానికి ఆ పరికరం రాదు. పరికరం వచ్చినా, ఏటా పెరిగే కరెంటు అవసరానికి కొత్త గొట్టాలు లేస్తూనే ఉంటే ఎప్పటికీ అందుకోలేం. ఒకటి గొట్టం దగ్గర జరగాలి, ఒకటి మీటరు దగ్గర జరగాలి. వీటిలో ఒకటి చేస్తే రెండోది అక్కరలేదని చెప్పేవారిని నమ్మకండి.

సమాధానం: వంటల మేస్త్రి కూతురు, తణుకు

మేడమ్ గారూ, మీ అత్తగారి భయం నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే మా నాన్నగారు పెళ్లి వంటలు చేయిస్తారు, లెక్కలన్నీ నేనే చూస్తాను. పెళ్లిలో ఏం తగ్గిస్తే బంధువులకు తెలుస్తుందో, ఏం తగ్గిస్తే ఎవరికీ తెలియదో అనుభవంతో చెప్పగలను.

వంటకాల సంఖ్య తగ్గిస్తే ఎవరూ బాధపడరు. ముప్పై రకాలు వడ్డించిన విస్తరిలో సగం పదార్థాలు వేలితో ముట్టుకుని వదిలేస్తారు. పన్నెండు రకాలు రుచిగా, వేడిగా, కొసరి కొసరి వడ్డిస్తే "పెళ్లి భోజనం బాగుంది" అని పదేళ్లు చెప్పుకుంటారు. మిగిలిన అన్నం, కూరలు చెత్తలారీ ఎక్కి కుప్పలో పూడిపోతే, గాలి తగలక కుళ్లి మీథేన్ వాయువు వస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే 25 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుందట. ఆ పదార్థాలు పండించడానికి పోసిన నీళ్లు, ఎరువులు, వండడానికి కాల్చిన గ్యాసు సరేసరి. కాబట్టి పెళ్లిలో అన్నిటికంటే పెద్ద పొదుపు ఆహారం దగ్గరే ఉంది. ఎంతమంది వస్తారో ముందు రోజు సాయంత్రానికల్లా సరిగ్గా చెప్పే పెళ్లివారు మాకు దొరికితే వృథా అక్కడికక్కడే బాగా తగ్గిపోతుంది. ఈ పని ఫోన్లు చేయగల ఇద్దరు పిల్లలకు అప్పగించండి.

ఇక పళ్లేల సంగతి. థర్మోకోల్, ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. వాటి స్థానంలో వచ్చిన కాగితపు కప్పులు మంచివని అందరూ అనుకుంటున్నారు కానీ వాటి లోపల పలచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందులో వేడి టీ పోస్తే పావుగంటలో వేల సంఖ్యలో సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు టీలోకి దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చారు. మా గోదావరి వైపు అరటాకుకు కొదవలేదు. మీకు అడ్డాకుల విస్తర్లు సులువుగా దొరుకుతాయి. మన్యంలో గిరిజనులు ఏరి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టేవి అవి. పెళ్లికి నెల ముందే చెప్పి చేయించుకుంటే వారికి పని దొరుకుతుంది, తిన్న తరువాత ఆకు ఎరువవుతుంది. అయితే మిషను మీద ప్లాస్టిక్ కాగితం అతికించి నొక్కిన అడ్డాకుల పళ్లేలు కూడా అమ్ముతున్నారు, వెనక్కి తిప్పి చూసి తీసుకోండి. నీళ్లకు స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చుకుని, కడగడానికి ఇద్దరు మనుషులను పెట్టుకోవచ్చు. సిద్దిపేట జిల్లాలో ఇలాంటి అవసరాలకే స్టీలు బ్యాంకులు పెట్టారు, కాలనీ సంఘాలు కూడా ఒక సెట్టు కొని ఉంచుకోవచ్చు.

మీ అత్తగారికి ఒక్క మాట చెప్పండి. అరటాకులో వడ్డన, కూర్చోబెట్టి పెట్టడం, మట్టికుండలో మజ్జిగ ఇప్పుడు గొప్పింటి పెళ్లిళ్లలో కోరి చేయించుకుంటున్నారు. ఎవరూ ఆవిడను పిసినారి అనరు. మండపానికి తెచ్చే పూల మీద, ప్లాస్టిక్ పూల గోడల మీద, టపాకాయల మీద మీరు ఎంత తగ్గించినా వచ్చినవారు గమనించరు.

సమాధానం: డాలస్ తెలుగువాడు

నేను అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడి నుంచి ఉపదేశాలు ఇవ్వడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఒక అమెరికావాసి ఏడాదికి సగటున సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమవుతుంటే, భారతీయుడి సగటు 2 టన్నుల దగ్గర ఉంది. డాలస్ నుంచి హైదరాబాద్‌కు ఒక మనిషి రానుపోను విమాన ప్రయాణానికే 2 టన్నులకు పైగా అవుతుంది. కాబట్టి పెళ్లి విషయంలో నేను చెప్పగలిగింది మా గురించే. నిశ్చితార్థానికి ఒకసారి, పెళ్లికి ఒకసారి, ఇక్కడ మళ్లీ ఒక రిసెప్షన్ అంటూ మమ్మల్ని రెండు మూడుసార్లు తిప్పే పద్ధతి మానుకుని, ఒకసారి వచ్చి ఎక్కువ రోజులు ఉండేలా ముహూర్తాలు పెట్టుకుంటే దాని ముందు మిగిలిన పొదుపులన్నీ చిన్నవే. పెద్దవాళ్లకు కూడా మమ్మల్ని నాలుగు రోజులు ఎక్కువ చూసుకున్నట్టు ఉంటుంది.

మరొక విషయం. ఇక్కడ చాలా గృహ సంఘాలు పెరట్లో దండెం కట్టనివ్వవు, టెక్సాస్ ఎండలో కూడా బట్టలను కరెంటు యంత్రంలో ఆరబెడతారు. ఇప్పుడు హైదరాబాదులో, విశాఖలో పెద్ద అపార్ట్‌మెంట్లలో బాల్కనీలో బట్టలు ఆరేయడం అందానికి భంగమని నిషేధిస్తున్నారని మా అక్క చెప్పింది. దయచేసి ఆ నిబంధనను మీ సంఘాల్లో రానివ్వకండి. ఎండ ఉచితంగా చేసే పనికి బొగ్గు కాల్చే అలవాటు ఒకసారి వస్తే పోదు. మా వీధిలో బట్టలు ఎండలో ఆరేసుకోమని ఎవరినైనా ఒప్పించడానికి నేను ప్రయత్నిస్తూనే ఉన్నాను.

సమాధానం: చీరాల వాస్తవ్యురాలు

బట్టల గురించి ఎవరూ రాయలేదు కనుక రెండు మాటలు. ఒక మామూలు నూలు చొక్కాకు పత్తి పంట నుంచి కుట్టేవరకు సుమారు 2,700 లీటర్ల నీరు పడుతుందని చెబుతారు. ప్రపంచంలో తయారయ్యే దారంలో సగానికి పైగా పాలిస్టరే, అంటే పెట్రోలియం. అద్దకం నీళ్లు ఏం చేస్తాయో తెలుసుకోవాలంటే తిరుప్పూరు దగ్గర నొయ్యల్ నదిని చూడాలి. ఆ కాలుష్యం కారణంగా 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు యూనిట్లను మూసివేయమంది, వేలమంది కార్మికుల పని ఆగిపోయింది. మేము చవకగా కొనే టీషర్టు వెనుక ఇంత ఉందని తెలిస్తే ఆఫర్ చూసి నాలుగు తీసుకోం.

నేను చేనేత కుటుంబం నుంచి వచ్చాను. తక్కువ కొనండి అంటే మా కడుపు మీద కొట్టినట్టేనని మావాళ్లు అంటారేమోనని మొదట సందేహించాను. కానీ మగ్గం మీద బట్టను ముంచింది ప్రజలు తక్కువ కొనడం కాదు, చవక మరమగ్గం బట్టను ఎక్కువ కొనడమే. ఏడాదికి పది కొనేచోట మూడు కొని, ఆ మూడూ నేతగాడి దగ్గర కొంటే కరెంటు లేకుండా నేసిన బట్ట పదేళ్లు మన్నుతుంది. చిరిగితే రఫూ చేయించండి. చీర పాతబడితే బొంత కుట్టించండి, ఆ పని చేసేవారు ఇంకా ఉన్నారు. పెళ్లిలో వచ్చినవారందరికీ పెట్టే నాసిరకం జాకెట్టు ముక్కలు ఎవరూ కుట్టించుకోరు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూ ఉంటాయి. వాటికి బదులు పసుపు, కుంకుమ, పండు, తాంబూలం చాలు.

ప్రశ్న వేసినవారి స్పందన: విశాఖ గృహిణి

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మా అబ్బాయి నిన్న రాత్రి కూర్చుని కరెంటు బిల్లులన్నీ తీశాడు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మిగతా నెలల కంటే దాదాపు రెట్టింపు యూనిట్లు ఉన్నాయి. తన గదిలో ఏసీ 20 దగ్గర పెడుతున్నది తానేనని వాడికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పటాన్‌చెరు తమ్ముడు రాసింది చదివి, ఓడరేవు ధూళి మీద కాలనీ సంఘం తరఫున ఫిర్యాదు తయారుచేసే బాధ్యత కూడా వాడే తీసుకున్నాడు. మా అత్తగారికి తణుకు అమ్మాయి మాటలు చదివి వినిపించాను. అరటాకులకు ఒప్పుకున్నారు, టపాకాయలు కూడా వద్దన్నారు. జాకెట్టు ముక్కల విషయంలో మాత్రం ఇంకా మాట్లాడుకోవాలి.

ఇంజనీరు గారిని మరో రెండు విషయాలు అడగాలి. పెళ్లికి ముందు పైన ఒక గది వేయాలని మావారు అనుకుంటున్నారు, వచ్చే బంధువుల కోసం. అది వేయడం మంచిదేనా? మా పాత ఏసీని వేరే గదికి మార్చాలి, అందులో జాగ్రత్తపడవలసింది ఏమైనా ఉందా?

సమాధానం: పాల్వంచ విశ్రాంత ఇంజనీరు

అమ్మా, గది సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మీ జాబితా మొత్తంలో అదే పెద్దది. మన మేస్త్రీలు చదరపు అడుగుకు సుమారు 0.4 బస్తా సిమెంటు లెక్క వేస్తారు. బాత్రూముతో కలిపి 250 చదరపు అడుగుల గది అంటే వంద బస్తాలు, 5 టన్నుల సిమెంటు. సున్నపురాయిని కాల్చినప్పుడు బొగ్గు పొగతో పాటు ఆ రాయిలోని కార్బన్ కూడా వాయువుగా బయటికి వస్తుంది కనుక టన్ను సిమెంటుకు అర టన్నుకు పైగానే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఇనుము, ఇటుక, ఇసుక, లారీలు దీనికి అదనం. ఏసీ దగ్గర కొన్నేళ్లు కష్టపడి పొదుపు చేసినదంతా ఆ ఒక్క గదిలో పోతుంది. నాలుగు రోజుల బంధువుల కోసమే అయితే పక్కింటివారి గదినో సత్రాన్నో అడిగి తీసుకోండి. అబ్బాయి పెళ్లయ్యాక నిజంగా అవసరమైతే అప్పుడు వేసుకోవచ్చు. అప్పుడు కూడా ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే కట్టుబడి తెలిసిన మేస్త్రిని వెతకండి. కేరళలో లారీ బేకర్ అనే వాస్తుశిల్పి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. ఇటుకలు పావు వంతు తగ్గుతాయి, గోడలో గాలి ఉండడం వల్ల గది కూడా చల్లగా ఉంటుంది, ఆ మేరకు ఏసీ అవసరం తగ్గుతుంది.

ఏసీని మార్చేటప్పుడు చాలామంది మెకానిక్‌లు గొట్టం విప్పి గ్యాసును గాలిలోకి వదిలేస్తారు. కొత్త గ్యాసు నింపితే వాళ్లకు మరికొంత డబ్బు వస్తుంది. మీ ఏసీలో ఉన్నది ఆర్-410ఏ అయితే, ఆ వాయువు ఒక్క కిలో సుమారు 2,000 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వేడిని పట్టి ఉంచుతుంది. విప్పే ముందు పంప్ డౌన్ చేయమని గట్టిగా అడగండి. ఏసీ నడుస్తుండగానే గ్యాసునంతా బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసే పని అది, పావుగంట కూడా పట్టదు. ఆ పని అయ్యేవరకు మీ అబ్బాయిని అక్కడే నిలబడి చూడమనండి.